ఎవరూ? – నేనే!

రాత్రి పొద్దుపోయాక తలుపు చప్పుడైతే లోపల్నుంచి ‘ఎవరూ?’ అంటారు. బయటి మనిషి పేరు చెప్పడు. ‘నేనే’ అంటాడు. తర్కంతో చూస్తే ఆ జవాబుకు అర్థమే లేదు. లోకంలో ప్రతి మనిషీ ‘నేనే’. అయినా గడియ తీస్తారు. జవాబు మాటలో లేదు, గొంతులో ఉంది కాబట్టి. కంప్యూటర్‌కు ఈ చెవి లేదు. దానికి గొంతు కల్పించడం కోసం అరవై ఏళ్లుగా జరుగుతున్న తంటాలే లాగిన్.

ఊరి హైస్కూల్లో పదో తరగతి కలిసి చదివిన ఎనభై మంది కోసం వాళ్లలో ఒకాయన చిన్న యాప్ రాశాడనుకుందాం. ఫొటో పెట్టొచ్చు, కింద రెండు ముక్కలు రాయొచ్చు, నచ్చితే లైక్ కొట్టొచ్చు. అంతే. తెరవగానే ‘మీ పేరు?’ అని అడుగుతుంది, ఏది కొడితే అది నమ్ముతుంది. శ్రీను అని కొట్టినవాడు శ్రీను. వారం రోజులు బాగానే నడుస్తుంది. ఎనిమిదో రోజు శ్రీను పేరుతో హెడ్మాస్టారి మీద ఎవరో ఒక కూత కూస్తారు. ‘నేను రాయలేదురా’ అంటాడు శ్రీను. ‘నీ పేరే కదరా ఉంది’ అంటారు మిగతావాళ్లు. ఆ సాయంత్రమే యాప్ రాసినాయన లాగిన్ పెడదామనుకుంటాడు. రెండు పెట్టెలు, ఒక బటన్. ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోయే పనిలా కనిపిస్తుంది. తెర మటుకు నిజంగానే మధ్యాహ్నం పనే.

అసలు పని తెర వెనక ఉంది. శ్రీను ఇచ్చిన పాస్‌వర్డ్‌ను రేపు పోల్చి చూడాలంటే ఈరోజు ఎక్కడో దాచాలి కదా. డేటాబేస్‌లో పేరు పక్కన ఇంకో గడి పెట్టి అందులో రాసిపెడితే సరిపోతుందని మొదటిసారి లాగిన్ రాసే ఎవరికైనా అనిపిస్తుంది. ప్రపంచంలో మొదట పాస్‌వర్డ్ పెట్టినవాళ్లకూ అలాగే అనిపించింది.

అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను నడిపి చూపించింది. ఒకే పెద్ద కంప్యూటర్‌ను చాలామంది వంతులవారీగా వాడుకునే ఏర్పాటది. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలి, ఎవరి సమయం లెక్క వాళ్లదే కావాలి. అందుకే పాస్‌వర్డ్ పెట్టారు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే రాసి ఉండేవి. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల కంప్యూటర్ సమయం ఇచ్చారు, అది ఆయనకు ఏమూలకూ చాలేది కాదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి ఆ ఫైల్‌ను ముద్రించమని కార్డు మీద అడిగి పెట్టి, శనివారం పొద్దున వెళ్లి కాగితాలు తెచ్చుకున్నాడు. ఇతరుల పాస్‌వర్డులతో కావలసినంత సేపు పని చేసుకున్నాడు. ఈ సంగతి ఆయనే బయటపెట్టడానికి పాతికేళ్లు పట్టింది. 1966లో ఇంకో విడ్డూరం జరిగింది. ఒక నిర్వాహకుడు ఆ రోజు స్వాగత సందేశం రాస్తున్నాడు, అదే సమయంలో ఇంకొకరు పాస్‌వర్డ్ ఫైల్ దిద్దుతున్నారు. ఎడిటర్ రెండింటికీ ఒకే పేరున్న తాత్కాలిక ఫైల్ వాడటంతో అవి తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ ‘స్వాగతం’ బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి.

షెర్ దొంగ కాదు, ఆ నిర్వాహకులు చేతగానివాళ్లూ కాదు. తప్పు ఫైల్‌ది. ఆ రహస్యాలు అక్కడ ఉండటమే తప్పు. సర్వర్ శ్రీనును గుర్తుపట్టాలి, కానీ శ్రీను రహస్యం దానికి తెలిసి ఉండకూడదు. వినడానికి తిరకాసులా ఉంటుంది. లాగిన్‌లో ఆ తర్వాత వచ్చిన ప్రతి మంచి ఆలోచనా ఈ తిరకాసును విప్పే ప్రయత్నమేనని నా అభిప్రాయం.

మొదటి ముడి విప్పింది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో రోజర్ నీడమ్, 1960ల చివర్లో. రోట్లో పచ్చడి నూరడం లాంటి లెక్క అది. అవే మిరపకాయలు, అదే చింతపండు, అవే పాళ్లు వేస్తే ప్రతిసారీ అదే పచ్చడి వస్తుంది. కానీ పచ్చడి చేతికిచ్చి ‘మిరపకాయలు విడదీసి ఇవ్వు’ అంటే ఎవరి తరమూ కాదు. పాస్‌వర్డ్‌ను అలా నూరగా వచ్చే గుర్తును హ్యాష్ అంటారు. సర్వర్ పచ్చడినే దాచుకుంటుంది. శ్రీను రేపు వచ్చి పాస్‌వర్డ్ కొడితే దాన్ని అప్పటికప్పుడు మళ్లీ నూరి, రెండు పచ్చళ్లూ ఒకటేనా అని చూస్తుంది. మిరపకాయలను వెంటనే మరిచిపోతుంది.

ఇంతటితో అయిపోలేదు. దొంగ పచ్చడి నుంచి వెనక్కి వెళ్లడు, మన దారిలోనే ముందుకొస్తాడు. జనం పెట్టుకునే పాస్‌వర్డులన్నీ తానే ముందుగా నూరిపెట్టుకుని, దొంగిలించిన జాబితాతో పోల్చుకుంటాడు. బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన చిన్న పరిశోధన పత్రం ఈ విషయంలో ఇప్పటికీ చదవదగ్గది. వాళ్లు 3,289 పాస్‌వర్డులు సేకరిస్తే అందులో 2,831, అంటే 86 శాతం, నిఘంటువులో మాటలో, మరీ పొట్టివో, ఇట్టే ఊహించగలిగినవో. ఒకే ఒక అక్షరం పెట్టుకున్నవాళ్లు 15 మంది! మోరిస్, థాంప్సన్ వాడిన చిట్కాలు రెండు. ఒకటి, ఒక్కొక్కరి పాస్‌వర్డ్‌లో ఒక్కో రకం చిటికెడు కలిపి నూరడం. దాని పేరే సాల్ట్, ఉప్పు. పచ్చడి పోలిక నాది కావచ్చు గానీ ఉప్పు మటుకు వాళ్లు పెట్టిన పేరే. ఉప్పు వేరైతే ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఇద్దరికి కూడా హ్యాష్ వేరుగా వస్తుంది. దొంగ ముందే నూరిపెట్టుకున్నదంతా వృథా. రెండోది, కావాలనే నెమ్మదిగా నూరడం. వాళ్లు ఆ లెక్కను 25 సార్లు తిప్పారు. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్స్ తెచ్చిన బీక్రిప్ట్‌లో ఆ నిదానాన్ని మనమే పెంచుకోవచ్చు, ఒక అంకె పెంచితే పని రెట్టింపవుతుంది. కంప్యూటర్లు వేగం పుంజుకున్నకొద్దీ రోలు బరువు పెంచుకుంటూ పోవచ్చన్నమాట. శ్రీనుకు పావు సెకను ఆలస్యం తెలియదు. కోట్ల పాస్‌వర్డులు ఊహించుకుంటూ పోవలసిన దొంగకు ప్రతి ఊహకూ పావు సెకను నడ్డి విరిచే భారం.

ఇవన్నీ తెలిసిన ముప్పై ఏళ్లకు, 2009 డిసెంబరులో, రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు బయటపడ్డాయి. సోషల్ మీడియా పేజీలకు అలంకారాలు తయారుచేసే కంపెనీ అది. ఉప్పూ లేదు, రోలూ లేదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసిపెట్టుకుంది. అందులో సుమారు 2 లక్షల 90 వేల మంది పాస్‌వర్డ్ 123456. 2012లో లింక్‌డిన్ నుంచి 65 లక్షల హ్యాష్‌లు బయటికొచ్చాయి. నూరారు గానీ ఉప్పు వెయ్యలేదు, పైగా వాడింది షా-1 అనే వేగమైన పద్ధతి. నాలుగేళ్ల తర్వాత తేలిందేమంటే, అసలు పోయినవి 11 కోట్ల 70 లక్షలట. ఎనభై మంది యాప్‌కు ఇంత హడావుడి ఎందుకని అడగొచ్చు. ఆ యాప్‌లో పోయేది రెండు ఫొటోలే. కానీ అదే పాస్‌వర్డ్ శ్రీను తన ఈమెయిల్‌కూ పెట్టుకుని ఉంటాడు.

నెమ్మదిగా నూరడంలో ఒక చమత్కారమైన చిక్కుంది. లేని పేరుతో ఎవరైనా లాగిన్ ప్రయత్నిస్తే నూరే పనే ఉండదు, జవాబు తక్షణం వస్తుంది. ఉన్న పేరైతే పావు సెకను పడుతుంది. తెర మీద రెండింటికీ ఒకే సమాధానం రాసినా, గడియారం చూసేవాడికి ఎవరు సభ్యులో ఎవరు కాదో తెలిసిపోతుంది. అందుకని లేని మనిషికి కూడా ఒక ఉత్తుత్తి పచ్చడి నూరి, ‘పేరో పాస్‌వర్డో తప్పు’ అని ఒకే మాట చెప్పాలి.

తెలుగులో రాసుకునే మనకు ఇంకో బెడద ఉంది. దీన్ని మామూలుగా ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగుతాను. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద చేరే ఇంకో గుర్తు కలిపి రెండుగా రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. నూరితే మటుకు వేర్వేరు పచ్చళ్లు. ‘మైసూరుపాక్’ అని పాస్‌వర్డ్ పెట్టుకున్న మనిషి ఫోన్‌లో ఒక రకంగా, కంప్యూటర్‌లో ఇంకో రకంగా టైపయితే సరైన పాస్‌వర్డ్‌తోనే బయట నిలబడాల్సి వస్తుంది. నూరే ముందు అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ నియమం ఉంది, అది వాడాలి. పేర్ల విషయంలో అదీ చాలదు. ‘వెంకట్’, ‘వె౦కట్’ – ఈ రెండూ ఒకటి కావు. మొదటిదాంట్లో ఉన్నది అనుస్వారం, రెండోదాంట్లో తెలుగు అంకె సున్నా. యాప్ దృష్టిలో వీళ్లు ఇద్దరు వెంకట్‌లు. శ్రీను పేరుతో కూత కూసినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇది ఊహ కాదు. 2013లో స్పాటిఫైలో ‘బిగ్‌బర్డ్’ అనే పేరును పైకి ఎత్తి రాసే బుల్లి అక్షరాలతో నమోదు చేసుకుంటే, వాటిని మామూలు రూపానికి తెచ్చే లెక్క ఒకసారికి ఒక ఫలితం, రెండోసారికి ఇంకో ఫలితం ఇచ్చేది. ఆ సందులోంచి కొత్తవాడు పాస్‌వర్డ్ మార్పు కోరితే అసలు బిగ్‌బర్డ్ ఖాతా తాళం మారిపోయేది. 2018 ఫిబ్రవరిలో ఇంకా నాటకీయంగా, ‘జ్ఞా’ అక్షరం లోపల కంటికి కనిపించని ఒక సంకేతం చేరితే చాలు, దాన్ని చూపించబోయిన ఐఫోన్ యాప్ కుప్పకూలేది. ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసే దాకా ఒక్క తెలుగు అక్షరం ప్రపంచాన్ని ఆడించింది. విజ్ఞానం అనే మాటలోనే ఆ అక్షరం ఉందని గమనించారా?

సరే, శ్రీను సరైన పాస్‌వర్డ్ కొట్టాడు, లోపలికొచ్చాడు. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి: సర్వర్ మరుక్షణం శ్రీనును మరిచిపోతుంది. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతి పుట్టుకే అంత. ప్రతి విన్నపమూ కొత్త విన్నపమే. ఫొటోలు చూపించమంటే ఒకటి, లైక్ కొడితే ఒకటి, ఒక్కొక్కదానికీ మళ్లీ ‘ఎవరూ?’. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగలేం, దాన్ని ఫోన్‌లో దాచి ప్రతిసారీ పంపడం అంతకంటే తప్పు.

గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఈ సమస్య ఎప్పుడో తీరిపోయింది. చెప్పులు ఇవ్వగానే బిళ్ల ఇస్తారు. తిరిగి వచ్చినప్పుడు మీ పేరు అడగరు, మొహం చూడరు, బిళ్ల చూస్తారు. లాగిన్ కాగానే సర్వర్ ఫోన్‌కు ఇచ్చేదీ అలాంటి బిళ్లే, టోకెన్. ఆ తర్వాత ఫోన్ పంపే ప్రతి విన్నపంతో పాటు అదీ వెళుతుంది. వెబ్‌సైట్లలో 1994 నుంచి కుకీ చేస్తున్న పని కూడా ఇదే. టోకెన్ అంటే ఎవరికీ ఊహకందని పొడవైన అంకెల వరస కావచ్చు. లేదా ‘ఇతను శ్రీను, ఫలానా సమయం దాకా చెల్లుతుంది’ అని రాసి సర్వర్ తన రహస్య తాళంతో ముద్ర కొట్టిన చీటీ కావచ్చు. చీటీ పద్ధతిలో సర్వర్ దేన్నీ గుర్తుంచుకోనక్కర్లేదు, తన ముద్ర తాను పోల్చుకుంటే చాలు. ఒక అక్షరం మార్చినా ముద్ర సరిపోదు. అయితే చీటీలో రాసింది ఎవరైనా చదవొచ్చని చాలామంది మరిచిపోయి, అందులో ఫోన్ నంబర్లూ అవీ కుక్కుతుంటారు.

బిళ్లతో ఉన్న తిప్పల్లా ఒకటే. ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లవి. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ ‘ఫైర్‌షీప్’ అనే చిన్న బ్రౌజర్ ఉపకరణం విడుదల చేశాడు. కాఫీ హోటల్లో తాళం లేని వైఫై వాడుకుంటూ ఫేస్‌బుక్, ట్విట్టర్ చూసుకుంటున్న పక్క బల్లవాళ్ల బిళ్లలను గాలిలోంచే పట్టి, ఒక్క క్లిక్‌తో వాళ్ల ఖాతాలోకి దూరొచ్చు. ఆ సైట్లు పాస్‌వర్డ్ పంపేటప్పుడు రహస్య లిపి వాడి, ఆ తర్వాత బిళ్లను మటుకు బహిరంగంగా పంపేవి. ఆయన ఉద్దేశం దొంగతనం కాదు, కంపెనీలను సిగ్గుపడేలా చేయడం. పని జరిగింది. 2013కల్లా ఫేస్‌బుక్ అందరికీ మొదటినుంచి చివరిదాకా రహస్య లిపిలోనే పంపే హెచ్‌టీటీపీఎస్ పెట్టింది. 2018 సెప్టెంబరులో అదే ఫేస్‌బుక్‌కు మళ్లీ బిళ్లల దెబ్బే తగిలింది. మన పేజీ వేరేవాళ్లకు ఎలా కనబడుతుందో చూసుకునే సదుపాయంలో మూడు లోపాలు కలిసి, చూసేవాడికి ఎదుటివాడి టోకెన్ తయారుచేసి ఇచ్చాయి. ఒక్క పాస్‌వర్డ్ కూడా పోలేదు. కంపెనీ ముందుజాగ్రత్తగా 9 కోట్ల మందిని ఒక్కసారిగా లాగౌట్ చేసింది. చివరికి 3 కోట్ల మంది టోకెన్లు పోయాయని తేల్చింది.

మన చిన్న యాప్‌లో కూడా టోకెన్‌ను మామూలు సెట్టింగుల ఫైల్లో పడెయ్యకుండా, ఆండ్రాయిడ్‌లో అయితే కీస్టోర్, ఐఫోన్‌లో అయితే కీచైన్ అండతో దాచాలి. గడువు చిన్నదిగా పెట్టాలి. లాగౌట్ నొక్కితే ఫోన్‌లోని చీటీ చింపితే చాలదు, సర్వర్ దగ్గర కూడా దాన్ని కొట్టెయ్యాలి. దేన్నీ గుర్తుంచుకోనని మురిసిపోయిన సర్వర్‌కు ఇప్పుడు రద్దయిన చీటీల జాబితా గుర్తుంచుకునే పని పడుతుంది. లేదా చీటీ ఆయుష్షు పావుగంటకు కుదించి, ఫోన్ కొత్తది అడిగిన ప్రతిసారీ విచారించుకోవాలి.

ఇక అసలు తప్పు జరిగే చోటు. లాగిన్ లేని రోజుల్లో యాప్ ఫొటో పంపేటప్పుడు ‘రాసినవారు: శ్రీను’ అని కూడా పంపేది. లాగిన్ పెట్టాక సర్వర్ టోకెన్ చూస్తుంది, సరైనదే అనుకుంటుంది, తర్వాత పాత అలవాటు కొద్దీ ఆ ‘రాసినవారు’ గడిలో ఉన్న పేరే వేసేస్తుంది. అంటే వెంకట్ తన సొంత బిళ్ల చూపించి దర్జాగా లోపలికొచ్చి, శ్రీను పేరుతో రాయొచ్చు. యాప్ తెర మీద ఆ గడి కనిపించకపోవచ్చు, కానీ యాప్ పంపే విన్నపాన్ని మార్చి పంపడం నేర్చినవాడికి చిటికెలో పని. ఇన్ని ఉప్పులూ రోళ్లూ పెట్టి, చివరికి ఎనిమిదో రోజు గొడవ అలాగే ఉండిపోయిందన్నమాట! రాసినవారు ఎవరో టోకెన్ నుంచే తీసుకోవాలి. ఫొటో తీసెయ్యమని అడిగితే, అడిగిన మనిషీ పెట్టిన మనిషీ ఒకరేనా అని ప్రతిసారీ చూడాలి. ఎవరో తెలియడం వేరు, ఏం చెయ్యనివ్వాలో తేల్చడం వేరు.

మన దగ్గర చాలా యాప్‌లకు పాస్‌వర్డే లేదు. ఫోన్ నంబరు కొట్టు, ఓటీపీ కొట్టు. ఎనభై మంది బ్యాచ్‌కు కూడా ఇదే సుఖమనిపిస్తుంది, గుర్తుపెట్టుకునేదేమీ ఉండదు. ఆరంకెల ఓటీపీలు మొత్తం 10 లక్షలే. అయిదు తప్పులకు ఆపేస్తే గుడ్డిగా కొట్టేవాడికి 2 లక్షల్లో ఒక అవకాశం. ఆ ఆపడం సరిగ్గా ఉండాలి. 2019లో మన దేశపు పరిశోధకుడు లక్ష్మణ్ ముత్తయ్య ఇన్‌స్టాగ్రామ్ ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ దారిని పరీక్షించాడు. ఆరంకెల కోడ్, పది నిమిషాల గడువు. ఒక చోటు నుంచి ఎక్కువసార్లు కొడితే ఆపుతున్నారు. ఆయన వెయ్యి వేర్వేరు ఐపీ చిరునామాల నుంచి ఒకేసారి కొట్టి, 2 లక్షల కోడ్‌లు అడ్డం లేకుండా పంపి చూపించాడు. ఇన్‌స్టాగ్రామ్ యజమాని ఫేస్‌బుక్ ఆయనకు 30,000 డాలర్ల బహుమతి ఇచ్చింది. లెక్క చిరునామాకు కాదు, ఖాతాకు కట్టాలన్నమాట. ముందు తలుపుకు ఎంత పెద్ద తాళం వేసినా, మరిచిపోయినవాళ్ల కోసం తెరిచే పెరటి తలుపు ఎంత గట్టిదో లాగిన్ అంత గట్టిది.

నంబరుకు ఇంకో గుణం ఉంది. అది మనది కాదు, అద్దెకున్నది. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీలు కనీసం 90 రోజులు ఆగి వేరేవాళ్లకు ఇస్తాయి. దుబాయ్ వెళ్లిన క్లాస్‌మేట్ పాత సిమ్ నంబరు కొన్నవాడు యాప్ తెరిచి ఓటీపీ అడిగితే, సర్వర్ అతన్ని ఆప్యాయంగా పాత పేరుతో పిలుస్తుంది.

ఈ బాధలన్నీ పడలేక ‘గూగుల్‌తో లాగిన్’ బటన్ పెట్టేస్తే? తప్పేం లేదు, చిన్న యాప్‌కు చాలాసార్లు అదే మేలు. దాని వెనక ఉన్న ఓఆత్ పద్ధతి 2007లో రూపం దిద్దుకుంది. అంతకుముందు ఒక సైట్ మీ స్నేహితుల జాబితా కావాలంటే మీ ఈమెయిల్ పాస్‌వర్డే అడిగేది, జనం ఇచ్చేవాళ్లు కూడా! ఇప్పుడు గుర్తుపట్టే పని గూగుల్ చేసి మన యాప్‌కు చీటీ ఒకటే పంపుతుంది. అయితే తలుపు పక్కింటివాళ్లదైతే వాళ్ల ఇష్టాయిష్టాలకు లోబడాలి. చిన్న యాప్‌లకు లాగిన్ దగ్గర్నుంచి అన్నీ సమకూర్చిన పార్స్ అనే సేవను ఫేస్‌బుక్ 2013లో కొని, 2017 జనవరిలో మూసేసింది.

మొదట చెప్పుకున్న తిరకాసు, అంటే రహస్యం తెలియకుండానే గుర్తుపట్టడం, పూర్తిగా కుదిరింది పాస్‌కీలో. దీనికి ఆధారమైన ప్రమాణం 2019 మార్చిలో ఖరారైంది, 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని అందరికీ తెస్తామన్నాయి. ఫోన్ ఒక జత తాళాలు తయారుచేస్తుంది. రహస్య తాళం తన దగ్గర ఉంచుకుని, బహిరంగ తాళం సర్వర్‌కు ఇస్తుంది. సర్వర్ ప్రతిసారీ ఒక కొత్త అంకె పంపి ‘దీనికి ముద్ర కొట్టు’ అంటుంది. ఫోన్ వేలిముద్ర చూసుకుని, రహస్య తాళంతో ముద్ర కొట్టి పంపుతుంది. సర్వర్ దగ్గరున్నది ఆ ముద్రను పోల్చుకునే తాళమే, ముద్ర కొట్టేది కాదు. షెర్ లాంటివాడు ఆ ఫైలంతా ముద్రించుకుపోయినా అందులో దొంగిలించడానికేమీ ఉండదు. వేలిముద్ర ఫోన్ దాటి బయటికి రాదు.

కానీ ఆ వేలు ఎవరిదో సర్వర్‌కు తెలియదు. ‘ఈ ఫోన్ తెరవగలిగినవాళ్లు’ అని మాత్రమే తెలుసు. మన ఇళ్లలో అమ్మ ఫోన్‌కు అమ్మ వేలిముద్రతో పాటు మనవడిది కూడా పెట్టి ఉంటుంది, రీచార్జి చేసేది వాడే మరి. బ్యాచ్ యాప్‌లో అమ్మ పేరుతో పది లైకులు పడితే నష్టం లేదు. ‘ఖాతా తొలగించు’ దగ్గర మటుకు యాప్ రాసినాయన కాసేపు ఆలోచించాడు. చివరికి, నొక్కిన రోజే చెరపకుండా వారం రోజులు ఆగి, ఈలోగా రోజుకొకసారి ‘నిజంగానేనా?’ అని అడిగేలా రాసుకున్నాడు.